షుగర్ ఉన్న మగవాళ్లు డాక్టరుకు చెప్పని సంగతి

తిరుపతిలో పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ వైపు వాకింగ్‌కు వచ్చే మగవాళ్లు షుగర్ గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. పరగడుపున ఎంత వచ్చింది, రాత్రి సంగటా, పుల్కానా, మాత్ర పెంచారా లేదా, అన్నీ బయటికే. అంగస్తంభన సరిగా లేదన్న సంగతి మాత్రం నోరు దాటదు, డాక్టరు ముందు కూర్చున్నా దాటదు. చివరికి అది చేరేది గోడ మీద పోస్టరు వేసుకున్న 'రహస్య వ్యాధుల' వైద్యుడి దగ్గరికో, మందుల షాపు కౌంటరుకో.

ఈ మౌనం ప్రాణం మీదికి తేగలదు. షుగర్ ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది వస్తుంది. మిగతావాళ్లకంటే పదేళ్లు ముందే రావచ్చు కూడా. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తేనే నాళం సడలి, రక్తం నిండి స్తంభన వస్తుంది. ఒంట్లో ఈ వాయువు చేసే పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ పొర దెబ్బతింటుంది, నరాలూ మొద్దుబారతాయి. పొట్ట పెరిగినవాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ కూడా తగ్గుతుంటుంది.

అసలు విషయం నాళాల సైజులో ఉంది. పురుషాంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండె ధమని 3 నుంచి 4. కొవ్వు పూడిక రెండుచోట్లా పేరుకుంటున్నా, సన్నటి నాళంలో ముందు బయటపడుతుంది. గుండె నొప్పికి రెండు నుంచి ఐదేళ్ల ముందే ఈ లక్షణం కనిపించడం చాలామందిలో చూశారు. అంటే బీపీ, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోవడానికి, సిగరెట్ మానడానికి అంత టైము చేతిలో ఉన్నట్టు. ఆ టైమును సిగ్గు తినేస్తోంది.

టెన్షన్ వల్ల కూడా ఇలా జరుగుతుంది, నిజమే. తెల్లవారుజామున సహజంగా వచ్చే స్తంభన మామూలుగానే ఉంటే మనసు వైపు కారణం వెతకవచ్చు. అదీ తగ్గిపోతుంటే నాళాలనో నరాలనో అనుమానించాలి. కొన్ని బీపీ మాత్రలూ ఇందుకు కారణమవుతాయి. అలాగని సొంతంగా ఆపేయకూడదు, డాక్టరుకు చెబితే వేరే మాత్ర రాస్తారు.

స్తంభన కోసం చీటీ లేకుండా కొనే సిల్డినాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలతో ఇంకో ప్రమాదం ఉంది. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లు వీటితో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. సిల్డినాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, అదే పనికి వాడే టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. కాబట్టి మాత్ర వేసుకున్న సంగతి భార్యకు తెలిసి ఉండాలి. ఛాతీ నొప్పితో క్యాజువాలిటీకి చేరిన మనిషి మాట్లాడే స్థితిలో లేకపోతే, డ్యూటీ డాక్టరుకు ఆ విషయం చెప్పాల్సింది ఆమే.