గ్నోమ్ గొడవకి మూలం ఓటింగు కాదు, లాగిన్‌డీ

లినక్స్ కంప్యూటర్లలో వాడే డెస్క్‌టాప్ గ్నోమ్ 49వ వెర్షన్ వచ్చిందగ్గర్నుంచి కాకినాడలో మా ఇంజినీరింగ్ బ్యాచ్ కలిస్తే చాలు, సిస్టమ్‌డీ గొడవే; లినక్స్ లేవగానే మిగతా ప్రోగ్రాములన్నిటినీ లేపి నడిపించేది అదే. గ్నోమ్ వాళ్ళు 2025 జూన్‌లోనే చెప్పేశారు లెండి, సెషన్ (లాగిన్ నుంచి లాగౌట్ దాకా) నడపడానికి మా సొంత ఏర్పాటు తీసేస్తున్నాం, లాగిన్ స్క్రీన్ చూసుకునే జీడీఎంకి కూడా ఇక యూజర్ల వివరాలు అందించే సిస్టమ్‌డీ భాగం యూజర్‌డీబీ కావాలి అని. అమలాపురంలో పాత లాప్‌టాప్‌లన్నిటికీ సిస్టమ్‌డీ లేని లినక్స్ అయిన డెవువాన్ వేసిపెట్టిన మావాడొకడు అప్పట్నుంచీ పళ్ళు నూరుతున్నాడు.

సిస్టమ్‌డీ ఎందుకు పుట్టిందో మళ్ళీ చెప్పక్కర్లేదు. ఈ కథ ఎవరు చెప్పినా 2014 ఫిబ్రవరి దగ్గరే ఆగుతారు: డెబియన్ అనే లినక్స్‌ని తయారుచేసేవాళ్ళ టెక్నికల్ కమిటీలో 8 మంది, 4 అటు 4 ఇటు, ఛైర్మన్ బిడేల్ గార్బీ కాస్టింగ్ ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది, మూడ్రోజుల్లో డెబియన్ మీద కట్టిన ఉబుంటు కూడా అదే పని చేసే తన అప్‌స్టార్ట్‌ని వదిలేస్తానంది. సినిమా సీన్‌లా ఉంది కాబట్టి అదే గుర్తుండిపోయింది. నన్నడిగితే తేలాల్సింది 2013లోనే తేలిపోయింది.

కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నారు, మూత మూస్తే నిద్రపుచ్చాలా లాంటివి చూసేది సిస్టమ్‌డీలో భాగమైన లాగిన్‌డీ. అంతకుముందు ఆ పని చేసిన కన్సోల్‌కిట్‌ని పట్టించుకునేవాళ్ళు లేక గ్నోమ్ ఇటు మొగ్గింది. ఆ జులైలో వచ్చిన సిస్టమ్‌డీ 205వ వెర్షన్‌తో లాగిన్‌డీ సొంతంగా నిలబడలేని స్థితికొచ్చింది, ఉబుంటు పాత 204నే షిమ్ అనే ఊతకర్ర ప్రోగ్రాంతో లాక్కొచ్చింది. అంటే డెస్క్‌టాప్ కావాలంటే లాగిన్‌డీ, లాగిన్‌డీ కావాలంటే మొత్తం సిస్టమ్‌డీ. ధవళేశ్వరం దిగువ వాళ్ళకి ఇది వింతేం కాదు, చేలో ఏం వేసుకుంటారో మీ ఇష్టమే అండి, కానీ కాలవలు ఎప్పుడు కట్టేస్తారన్నదాన్ని బట్టే రెండో పంట సంగతి తేలిపోద్ది.

2014 అక్టోబర్‌లో ఆ కమిటీలోని ఇయాన్ జాక్సన్ పెట్టిన ప్రతిపాదన సరిగ్గా దీని గురించే, ఏ ప్యాకేజీ కూడా ఫలానా ఇనిటే (సిస్టమ్‌డీ, అప్‌స్టార్ట్ లాంటిదే) ఉండాలని పట్టుబట్టకూడదు అని. నవంబర్‌లో డెబియన్ డెవలపర్లు ఓటేసి అసలు తీర్మానమే అక్కర్లేదన్నారు. జీతం లేకుండా చేసేవాళ్ళమీద అదనపు పని రుద్దకూడదన్నది అవతలివాళ్ళ మాట, అందులోనూ న్యాయం ఉంది. జాక్సన్ కమిటీకి రాజీనామా చేశాడు, అదే నెల్లో డెవువాన్ ప్రకటించారు, మొదటి స్టేబుల్ రావడానికి మాత్రం 2017 మే దాకా పట్టింది. మధ్యలో చేసిందంతా సిస్టమ్‌డీ ఎక్కడెక్కడ అల్లుకుపోయిందో వెతికి విడదీయడమే, లాగిన్‌డీ ఒక్కదాన్నీ ఊడదీసి చేసిన ఈలాగిన్‌డీ మీదే తర్వాత్తర్వాత వాళ్ళ డెస్క్‌టాప్‌లు నడిచాయి.

చాదస్తం అని నవ్వినవాళ్ళకి 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొంగచాటుగా పెట్టిన బ్యాక్‌డోర్ బయటపడింది. దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కి ఆ లైబ్రరీతో పనేం లేదు, 'నేను లేచాను' అని సిస్టమ్‌డీకి చెప్పడానికి డెబియన్, ఫెడోరా వాళ్ళు వేసిన ప్యాచ్ సిస్టమ్‌డీ లైబ్రరీ లిబ్‌సిస్టమ్‌డీని తెచ్చింది, అది దీన్ని వెంటేసుకొచ్చింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వబట్టి దొరికింది గానీ. తర్వాత ఆ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ రాసే ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ళు ఆ చిన్న కబురేదో లైబ్రరీ లేకుండా సొంతంగానే రాసుకున్నారు, సిస్టమ్‌డీ కూడా కంప్రెషన్ లైబ్రరీలు అవసరమైనప్పుడే లోడయ్యేలా మారింది, ఆ పని అప్పటికే మొదలెట్టారు, అదీ చెప్పాలి.

ఇప్పుడు గ్నోమ్ వాళ్ళంటున్నది, కావాలనుకుంటే యూజర్‌డీబీకి బదులు మీరే రాసుకోండి అని. పదేళ్ళనాటి జవాబే. అమలాపురం మావాడు అంతదాకా ఆగలేదు, లాప్‌టాప్‌లకి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే వేరే డెస్క్‌టాప్ ఎక్కిస్తున్నాడు, మొన్నటికి మూడయ్యాయి.