ఆకుకే లెక్క, పండుకు లేదు: తునికి చెట్టు వెనక కథ

మే నెలలో మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా ఊళ్లలో తెల్లారకముందే ఇళ్లు ఖాళీ అవుతాయి. బీడీలు చుట్టే తునికాకు సీజన్ కదా, ఇంటిల్లిపాదీ అడవికి పోతారు. ఎండ ముదిరేసరికి మూటలు దింపుకుని అరుగుల మీద కట్టలు కడుతుంటారు. మహారాష్ట్ర లెక్కలో కట్టకు 70 ఆకులు. ప్రాణహిత దాటి కాళేశ్వరం వైపు వెళితే 50. పసిపిల్లలకు కూడా ఈ లెక్క తెలుసు. కానీ సరిగ్గా ఇదే నెలల్లో పండే తునికి పండును చూపించమంటే, ఆకు కోసే చోట్ల చెట్టు దొరకడమే కష్టం.

ఎరగనివాళ్ల కోసం చెప్పాలి. పెద్ద నిమ్మకాయంత ఉంటుంది, పండితే పసుపు రంగుకు తిరుగుతుంది. తొడిమ దగ్గర చిన్న గిన్నెలాంటి టోపీ. పైతొక్క పెళుసుగా ఉంటుంది, వేలితో నొక్కితే చిట్లుతుంది. లోపల గింజలను అంటిపెట్టుకున్న మెత్తటి గుజ్జు. సపోటాకు దగ్గరి తీపి, చివర్లో నాలుక మీద కాస్త వగరు. కాయగా ఉన్నప్పుడు కొరికితే మాత్రం నోరంతా పట్టేస్తుంది. ఎలుగుబంటికి, గబ్బిలానికి ఇది ఇష్టమైన తిండి. గింజలు దూరం పోయేది కూడా వాటి వల్లనే. మనుషులకైతే, ఇంట్లో తిండిగింజలు అడుగంటే ఎండాకాలపు తిండి.

ఈ చెట్టును శాస్త్రం పట్టించుకోలేదని కాదు. సామర్లకోటలో పనిచేసిన ఈస్ట్ ఇండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని వర్ణించి, డయోస్పైరోస్ మెలనోజైలాన్ అని పేరు పెట్టాడు. మెలనోజైలాన్ అంటే నల్లచేవ. అంటే పేరు చేవను చూసి పెట్టిందే. నల్లకర్ర ధర పలికే సరుకు కాబట్టి ఆ చూపు సహజమే.

కథ మలుపు తిరిగింది బీడీతో. 1900 ప్రాంతంలో జబల్‌పూర్, గోందియా వైపు బీడీ వ్యాపారం ఊపందుకుంది. చుట్టడానికి తునికాకును మించింది లేదు: పలచన, చుడితే చిరగదు, వాసన పాడుచేయదు. అడవి చెట్ల పెంపకం మీద 1921లో మూడు సంపుటాలు వెలువరించిన ఆర్.ఎస్. ట్రూప్, ఈ చెట్టు వేళ్ల నుంచి పిలకలు విపరీతంగా వేస్తుందని నమోదు చేశాడు. ఆకు వ్యాపారానికి ఆ గుణమే పనికొచ్చింది. ఎండాకాలం మొదట్లో పొదను నేలమట్టానికి నరికితే, నెలన్నరకల్లా పెద్ద పెద్ద లేత ఆకులు వస్తాయి. కొన్నిచోట్ల చిగురు బాగా రావాలని నిప్పు కూడా పెడతారు. ఏటా ఇలా చేస్తుంటే తునికి మోకాలెత్తు పొదగానే మిగిలిపోతుంది. పూత పట్టే వయసే దానికి రాదు.

ప్రభుత్వాలు కూడా ఆకునే చూశాయి. మహారాష్ట్ర 1969లో అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ 1971లో అలాంటిదే. ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఎప్పుడు నరికితే ఆకు ఎక్కువ, ఎంత ఎత్తులో నరకాలి అన్న ప్రశ్నలకు అటవీ పరిశోధన సమాధానాలు వెతికింది. ఏ చెట్టు పండు తియ్యగా ఉంది, ఏది త్వరగా కాస్తుంది అన్న ప్రశ్నలకు ఆ శ్రద్ధ దక్కలేదు. మామిడికి, జామకు చేసినట్టు మంచి చెట్లను ఎంచి, అంటు కట్టి, రైతుకు ఇవ్వాల్సిన పని. దాన్ని వదిలేయడం నాకు పెద్ద తప్పుగానే తోస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం అడవిలో బతికేవాళ్లకు ఇచ్చింది. గడ్చిరోలిలో చాలా గ్రామసభలు ఆకును సొంతంగా అమ్ముకోవడం మొదలుపెట్టాయి, మంచి మార్పే. అయితే చట్టం నిర్వచనంలో వెదురు, తేనె, లక్క పక్కన పేరు పెట్టి చెప్పింది తునికాకునే. పండు "మొదలైనవి"లో కలిసిపోయింది.

పక్కనే చంద్రపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న పాచ్‌గావ్ మాత్రం వేరే దారి పట్టింది. 2012లో సుమారు 1,006 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు వచ్చాక, ఆ గ్రామసభ తునికాకు కోత ఆపేయాలని తీర్మానించింది. కారణం నరుకుడు, నిప్పు. చెట్లు పెరిగితే పండ్లు తినడానికి దొరుకుతాయన్నది వాళ్ల లెక్క. ఆదాయానికి వెదురు ఉంది.

వెదురు లేని ఊరికి ఈ లెక్క కుదరదు. విత్తనాలు కొనే ముందు చేతికొచ్చే డబ్బు ఆకుదే, దాన్ని వదులుకోమని ఎవరూ చెప్పలేరు. కానీ ఊరి పొలిమేరలో కొన్ని చెట్లకు గొడ్డలి తగలకుండా చూడటం గ్రామసభ ఒక తీర్మానంతో చేయగల పని. ఆడచెట్టుకు దగ్గర్లో ఒక మగచెట్టునూ వదలాలి, ఎందుకంటే తునికిలో చాలావరకు రెండూ వేరువేరు. కాయ పడేది ఆడచెట్టుకే.