మందు కల్లు మానుతున్న ఆడవాళ్లకు మైండ్‌ఫుల్‌నెస్: అపోహలు - వాస్తవాలు

మందు కల్లు అంటే మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు. అందులో కలిపేది ఆల్ప్రజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. అంటే ఒళ్లు నొప్పులు తగ్గుతాయని రోజూ సాయంత్రం సీసా తాగే బీడీ కార్మికురాలు తనకు తెలియకుండానే మత్తు మందుకు అలవాటు పడుతోంది. నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి వచ్చే ఇలాంటి అక్కలకు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఒంట్లో, మనసులో ఇప్పుడేం జరుగుతోందో ధ్యాసతో గమనించడం, నేర్పడం నా పని. వాళ్ల నోట, ఇంటివాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఇది నేర్చుకుంటే మందులక్కర్లేదు, రేపటి నుంచే మానేయొచ్చు.

వాస్తవం: ప్రాణం మీదికి తెచ్చే అపోహ కాబట్టి దీన్నే ముందు రాస్తున్నా. ఈ మత్తును ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేని మనుషులు కనిపిస్తారు, ఫిట్స్ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం తరలివచ్చింది అందుకే. ముందు సైకియాట్రిస్టు మందులిచ్చి, ఆ మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు. మనిషి నిలకడగా కూర్చోగలిగాకే నా క్లాసు.

అపోహ: తాగాలనే గుంజుడు మొదలైతే తాగేదాకా పెరుగుతూనే ఉంటుంది.

వాస్తవం: పెరుగుతుంది, నిలుస్తుంది, దిగుతుంది. అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ దీన్ని సముద్రపు అలతో పోల్చారు. అలతో కొట్లాడొద్దు, దానిమీద తేలాలి.

ఒక అక్కకు రోజూ సాయంత్రం ఐదింటికి, బీడీలు అప్పజెప్పి వచ్చే వేళకు మొదలయ్యేది. ఒకరోజు క్లాసులోనే వచ్చింది.

"ఎక్కడ గుంజుతోంది అక్కా?"

"దవడల కాడ మేడమ్. నోట్ల నీళ్లూరుతున్నయ్."

"వద్దని తోసెయ్యకు. చూస్తా ఉండు. ఇప్పుడెక్కడుంది?"

"గొంతులకు దిగింది... రొమ్ము మీద బరువున్నట్టుంది."

ఊపిరి తీస్తూ, వదులుతూ ఆ బరువునే గమనించమన్నాను. అరచేతుల్లో చెమట పట్టింది. గోడ గడియారంలో ఐదున్నర దాటింది. "ఉన్నది గని, గింతే ఉన్నది" అని బొటనవేలి కొస చూపించింది. తునికాకు కత్తిరించి కత్తిరించి ఆ వేలు కాయ కాసి ఉంది.

ఐదు కొట్టడం, నొప్పులు, సీసా, హాయి: ఏళ్ల తరబడి మెదడు వేసుకున్న ముడి ఇది. తాగకుండా అల దిగిన ప్రతిసారీ ఆ ముడి కాస్త వదులవుతుంది. ఒక్కరోజులో ఊడదు.

అపోహ: కళ్లు మూసుకుని, మనసులో ఏమీ లేకుండా కూర్చోవాలి.

వాస్తవం: మనసు ఖాళీ కానక్కర్లేదు, కాదు కూడా. ఇక దెబ్బలు తిన్న ఆడమనిషిని కళ్లు మూసుకోమంటే ఆ దెబ్బలే కళ్ల ముందుకొస్తాయి. మొదట్లో నేనూ అందరినీ కళ్లు మూసుకోమనేదాన్ని. ఒకామె ఏడుస్తూ లేచిపోయింది, మళ్లీ రాలేదు. ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తే. ఇప్పుడు కళ్లు తెరిచే ఉంచమంటాను, తలుపు కనిపించేలా కూర్చోబెడతాను. పాదాలు నేలకు ఆనిన చోట ధ్యాస పెడితే చాలు.

అపోహ: ఇది పనిచేస్తుందనడానికి రుజువులేం లేవు.

వాస్తవం: ఉన్నాయి, అయితే గొప్పలు చెప్పుకోకూడదు. అమెరికాలోని సియాటెల్‌లో, మత్తు అలవాటుకు చికిత్స పొందిన 286 మందిపై జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ పొందినవాళ్లు ఏడాది తర్వాత మిగతావాళ్లకంటే తక్కువ రోజులు డ్రగ్స్ వాడారు. ఆరు నెలలకు మాత్రం, మళ్లీ అలవాటులో పడకుండా జాగ్రత్తలు నేర్పే కౌన్సెలింగ్ పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు. అలవాటు పండడానికి సమయం పడుతుందని నా అభిప్రాయం.

అపోహ: మళ్లీ తాగిందంటే నేర్చుకున్నదంతా వృథా.

వాస్తవం: కాదు. మర్నాడు క్లాసుకు రమ్మంటాను. తాగడానికి ముందు గంటలో ఏం జరిగిందో నెమ్మదిగా అడుగుతాను. బీడీలు బాగాలేవని కూలి కోశారా? ఇంట్లో గొడవా? పొద్దున్నుంచీ తిండి లేదా? ఆ వారమంతా ఆ గంట మీదే సాధన చేస్తాం.

ఇంట్లో ఎవరికైనా కల్లు ఆపాక వణుకు, తికమక మొదలైతే క్లాసుల కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్కడ చూపించాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, ఉచితం.