మూడేళ్ల ప్రాక్టీసు గొడవకు మూలం 1973లో ఉంది

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే లాయరుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధన మీద గుంటూరు, విజయవాడ లా విద్యార్థుల్లో మళ్లీ టెన్షన్ మొదలైంది. 1993లో సుప్రీంకోర్టు పెట్టి, 2002లో తీసేసిన షరతు ఇది. 2025 మే 20 తీర్పుతో తిరిగొచ్చింది. కోర్టు అనుభవం లేకుండా నేరుగా జడ్జిలైనవారితో ఇబ్బందులు వస్తున్నాయని చాలా హైకోర్టులు చెప్పాయి. అందులో నిజం ఉంది. కానీ పట్టా పుచ్చుకున్నాక పని ఎవరు నేర్పాలన్నది అంతకంటే పాత ప్రశ్న.

1961 అడ్వొకేట్స్ యాక్ట్ ఆ బాధ్యతను గాలికి వదల్లేదు. డిగ్రీ తర్వాత శిక్షణ పొంది, పరీక్ష పాసైతేనే సన్నదు, అంటే లాయరుగా పని చేసే అనుమతి, అని 24వ సెక్షన్‌లో రాసుకుంది. 1973 సవరణలో ఆ క్లాజు ఎత్తేశారు. లా కోర్సే మూడేళ్లు ఉంది, వేరే శిక్షణ ఎందుకన్నారు. నా దృష్టిలో కథ అడ్డం తిరిగింది అక్కడే.

ఎందుకంటే కోర్సు వేరు, కోర్టు వేరు. నా మొదటి వకాలత్‌ను, అంటే కక్షిదారు తరఫున వాదించే అధికార పత్రాన్ని, కోర్టు ఆఫీసులో తిప్పి పంపారు. దాని మీద లాయర్ల సంక్షేమ నిధి స్టాంపు అంటించలేదు. అది అంటించాలని నాకు చెప్పింది ఏ లెక్చరరూ కాదు, మా సీనియర్ గారి గుమస్తా. మరకపడిన వేలితో స్టాంపు ఎక్కడ అంటించాలో చూపించాడు. ఇప్పుడు మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చేతికి సర్టిఫికెట్ వస్తోంది, పని మాత్రం రావడం లేదు.

తప్పు దిద్దే ప్రయత్నం ఒకసారి జరిగింది. మన జస్టిస్ ఎం. జగన్నాథరావు సభ్యులుగా ఉన్న అహ్మదీ కమిటీ, న్యాయ విద్య మీద వేసినది, ఏడాది లేదా ఏడాదిన్నర శిక్షణ కావాలంది. లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ 1995లో ఆ శిక్షణకు రూల్స్ చేసింది. పార్లమెంటు తీసేసిన షరతును మీరు రూల్స్‌తో తేలేరంటూ 1999 మార్చిలో వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. తర్వాత బార్ కౌన్సిల్ పరీక్ష పెట్టింది. 2011లో మొదలైన ఆ బార్ ఎగ్జామ్‌లో 100 ప్రశ్నలకు జవాబులు గుర్తిస్తే చాలు. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం అందులో ఎవరికి వస్తుంది?

మేమూ పైసా లేకుండానే నేర్చుకున్నామని సీనియర్లు అంటారు. కాదనను. కానీ అద్దె గదిలో ఉంటూ, పొద్దున్నే కట్టలు మోసుకొచ్చి, సాయంత్రం దాకా వాయిదాలు, పాస్‌ఓవర్‌లు (కేసును కాసేపాగి పిలవమనడం) అడిగే పల్లెటూరి పిల్లను మూడేళ్లు ఆగమంటే ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు డబ్బు పంపుతారు? పెళ్లి చేసేస్తామంటారు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వమని సీనియర్లకు చెప్పింది. అది సిఫార్సు మాత్రమే. ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు.

ఇక ప్రస్తుత చర్చలో ఎవరూ పెద్దగా ప్రస్తావించని తేదీ ఒకటుంది. 2023 ఫిబ్రవరి 10. బార్ ఎగ్జామ్‌ను సమర్థిస్తూ, సుధీర్ తీర్పు సరైనది కాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ రోజే తేల్చింది. అంటే 1999లో పడిన అడ్డు తొలగిపోయింది. జడ్జి కావాలంటే మూడేళ్లు ఆగమన్న 2025 నియమం మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. ఆ మూడేళ్లలో పని నేర్పాల్సిన బాధ్యతను ఇప్పటికీ ఎవరి మీదా పెట్టలేదు.