పదేళ్ళు దాటిన పిల్లలకి ఆరు సిరంజిలు, మూడు గొట్టాలు

వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేశాక పూడిక తీయడానికి ప్రొక్లెయిన్ దిగిందంటే, కోనసీమలో ఏ ఊళ్ళోనైనా గట్టు మీద పిల్లలు బారులు తీరతారు. చేపల చెరువు తవ్వే చోటా అంతే. అయిదేళ్ళవాడికి ఆ చప్పుడు, ఆ పసుపు రంగు చాలు. పదకొండేళ్ళ పిల్ల చూపు వేరు. బకెట్ వెనక తళతళలాడే ఆ కడ్డీ లోపలికీ బయటికీ ఎలా జరుగుతోంది, ఒక్కో సిలిండర్‌కి రెండేసి నల్ల గొట్టాలు ఎందుకున్నాయి అని చూస్తుంది. ఆ వయసు పిల్లలకి పుట్టినరోజుకో సంక్రాంతికో ఏమివ్వాలని అడిగేవాళ్ళకి జవాబు ఆ గట్టు మీదే ఉంది.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య బహుమతి ఎంచడం నిజంగా కష్టమే. బొమ్మ ఇస్తే చిన్నతనం అంటారు, ఫోను ఇవ్వడానికి ఇంకా వయసు చాలదు. మంచి భూతద్దం, చదరంగం, బొమ్మలు గీసే సామాను, గాలిపటం కట్టే కాగితాలు, ఏవిచ్చినా వృథా పోవు. రిమోట్ కారు మాత్రం వద్దంటాను. మీట నొక్కడం తప్ప పిల్లల చేతికి అందులో పని లేదు. బాగా నచ్చి, గట్టిగా చెప్పేది ఒక్కటే: సిరంజిలతో నీటి ప్రొక్లెయిన్ కట్టుకునే సామాను. కట్టిన బొమ్మ కాదు, విడి సామాను.

ఈ వయసుకే ఎందుకంటే, పిల్లలు కూడికలోంచి నిష్పత్తిలోకి అడుగుపెట్టే కాలం ఇది. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు జా పియాజే, బార్బెల్ ఇన్‌హెల్డర్ పిల్లల చేతికి త్రాసులు, లోలకాలు ఇచ్చి, వాళ్ళ ఆలోచన ఎలా సాగుతుందో గమనించారు. పదకొండు, పన్నెండేళ్ళ ప్రాంతంలో పిల్లలు మిగతావన్నీ కదపకుండా ఒక్కదాన్నే మార్చి చూడటం నేర్చుకుంటారని వాళ్ళు రాశారు. అంతకు ముందు పిల్లలు నిష్పత్తి లెక్కని తీసివేతతో చేస్తారు. 'ఇది 5, అది 20, తేడా 15' అంటారు. 'ఎన్ని రెట్లు' అన్న మాట నోటితో చెప్పినంత మాత్రాన తలకెక్కదు. చేతికి తెలియాలి.

సామాను చెబుతాను. మెడికల్ షాపులో 20 సీసీ సిరంజిలు నాలుగు, 10 సీసీ ఒకటి, 5 సీసీ ఒకటి. చేపల తొట్టిలో గాలి పంపడానికి వాడే మెత్తటి గొట్టం, లోపలి కొలత 4 మిల్లీమీటర్లది, రెండు మీటర్లు. 60 సెంటీమీటర్ల చొప్పున మూడు ముక్కలు కోయాలి, రెండేసి సిరంజిలకి ఒక్కో ముక్క. వెదురు బద్దలు, పాత సైకిల్ చువ్వలు రెండు, వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగులు ఒక కట్ట, అడుగున పెట్టడానికి చెక్క. అన్నీ కలిపి అయిదొందల లోపే. కొత్త సిరంజిలే కొనాలి. వాడినవి కడిగి ఇవ్వడం ఎంతమాత్రం వద్దు. సూదులు పెద్దవాళ్ళే ముందుగా తీసేసి, మూతతో సహా షాపులోనే ఇచ్చేయాలి.

పుట్టినరోజు పూట సిరంజి ఏమిటి, అపశకునం కాదా అనేవాళ్ళుంటారు. శనివారం ఇనుము కొనకూడదు గనక చువ్వలు రేపు తెద్దామనేవాళ్ళూ ఉంటారు. సూది తీసేశాక సిరంజి అంటే ఒక గొట్టం, అందులో జరిగే ఒక ముషలకం (పిస్టన్), అంతే. శకునం సంగతి పిల్లల ముందు ఎత్తకపోతే చాలు, వాళ్ళకి ఆ ఊహే రాదు. ఇంకో మాట. ఇది మగపిల్లల సామాను అని పక్కన పెట్టకండి. గట్టు మీద ఆడపిల్లలూ అంతే సేపు నిలబడతారు.

ఇక అసలు విషయం. 5 సీసీ సిరంజికీ 20 సీసీ సిరంజికీ మధ్య గొట్టం తగిలించి నీళ్ళు నింపి, చిన్నదాన్ని వేలితో తోస్తే పెద్దది లేస్తుంది. దాన్ని ఆపుదామని ఇంకో చేత్తో నొక్కిపడితే, ఆ చెయ్యే ఓడిపోతుంది. మూసి ఉన్న ద్రవం మీద పీడనం పెడితే అది అన్ని వైపులకీ తగ్గకుండా పాకుతుందని ఫ్రాన్సు శాస్త్రవేత్త పాస్కల్ చెప్పాడు. ఆ గ్రంథం ఆయన పోయాక 1663లో అచ్చయింది. దాన్ని పనికొచ్చే యంత్రంగా మార్చి ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పేటెంటు తీసుకున్నది 1795లో. బడిలో ఇది పీడనం అంటే బలం బై వైశాల్యం అన్న ఒక్క గీతలో ముగిసిపోతుంది. పిల్లలు ఆ గీతని బట్టీ పడతారు, దాని వెనకున్న ఆశ్చర్యం వాళ్ళకి అందదు.

ఎన్ని రెట్లు అన్నది సిరంజి మీది అంకె చూసి చెప్పకూడదు. 20ని 5తో భాగించి నాలుగు రెట్లు అంటే తప్పు. ఆ అంకె లోపలి ఘనపరిమాణానిది, పీడనానికి కావలసింది అడ్డుకోత వైశాల్యం. దాన్ని కొలవడానికి స్కేలు ఒక్కటి చాలు. సున్నా గీత నుంచి 5 గీత దాకా పొడవు దాదాపు 43 మిల్లీమీటర్లు ఉంటుంది. 5 సీసీ అంటే 5000 ఘన మిల్లీమీటర్లు. 5000ని 43తో భాగిస్తే 116 చదరపు మిల్లీమీటర్లు. 10 సీసీది సుమారు 57 మిల్లీమీటర్లు, వైశాల్యం 175. 20 సీసీది సుమారు 65, వైశాల్యం 308. కంపెనీని బట్టి కొద్దిగా మారతాయి కనక పిల్లలు తమ సిరంజిని తామే కొలవాలి. 308ని 116తో భాగిస్తే 2.65. బలం పెరిగేది అన్ని రెట్లే. దూరం అన్ని వంతులు తగ్గుతుంది. చిన్నది 43 మిల్లీమీటర్లూ పూర్తిగా తోస్తే పెద్దది జరిగేది 16 మిల్లీమీటర్లు.

దీనికి ప్రొక్లెయిన్‌కి ఉన్నట్టు ఒక చెయ్యి తగిలిస్తే లెక్క మళ్ళీ తిరుగుతుంది. వెదురు చెయ్యి ఒక చివర చువ్వ మీద తిరుగుతుంది. సిరంజి దాన్ని ఆ చువ్వకి 4 సెంటీమీటర్ల దూరంలో నెడుతుంది. బరువు వేలాడేది 20 సెంటీమీటర్ల దగ్గర. అంటే దూరం అయిదు రెట్లు, బలం అయిదో వంతు. వేలితో కిలో బరువుకి సమానంగా తోస్తే పెద్ద సిరంజి 2.65 కిలోలతో నెడుతుంది, చెయ్యి కొస దగ్గర మిగిలేది అరకిలో పైచిలుకు. రబ్బరు రాపిడీ, చెయ్యి బరువూ పోగా మూడొందల గ్రాములు లేస్తే గొప్పే. కొస లేచేది 8 సెంటీమీటర్లు. ఇప్పుడు వేలితో తోసే వైపు 5 సీసీ తీసి 10 సీసీ పెట్టమనండి. మిగతా ఏదీ కదపొద్దు. కొస 16 సెంటీమీటర్లు లేస్తుంది, లేపే బలం మాత్రం మునుపటి దాంట్లో మూడింట రెండు వంతులే. ఇంకాస్త ఎత్తు కావాలని 20 సీసీ పెడితే చెయ్యి నిలువు దాటి వెనక్కి పడుతుంది. ఎత్తు కావాలా, బరువు కావాలా? రెండూ రావు. ఏది వదులుకోవాలో ఆ పిల్లే తేల్చుకోవాలి. అందుకే కట్టినవి జిగురుతో అంటించకూడదు. అంటిస్తే మార్చి చూసే వీలు పోతుంది, బహుమతి మళ్ళీ బొమ్మైపోతుంది.

ఎక్కడ పాడవుతుందో కూడా ముందే తెలుసుకోవాలి. మొదటి శత్రువు గాలి బుడగ. నీటిని ఒక్క శాతం నొక్కాలంటే వాతావరణ పీడనానికి 220 రెట్లు కావాలి. గాలి అలా కాదు, పీడనం రెట్టింపైతే సగానికి సగం ముడుచుకుంటుంది. గొట్టంలో ఒక సీసీ బుడగ మిగిలి, 5 సీసీ సిరంజిని కిలో బరువుతో తోశామనుకోండి. బుడగ 0.55 సీసీకి ముడుచుకుంటుంది. వేలి కింద 4 మిల్లీమీటర్లు వృథా, చెయ్యి కొసన 7 మిల్లీమీటర్లు మాయం. వేలికి స్ప్రింగు నొక్కినట్టుంటుంది. అందుకని బకెట్ నీళ్ళలో రెండు సిరంజిలూ గొట్టమూ ముంచి, లోపలే నింపి, వేలితో తట్టి బుడగలు పోగొట్టి, నీళ్ళలోనే తగిలించాలి. గొట్టంలోనే ఏడున్నర సీసీ నీళ్ళు పడతాయి, నింపే నీళ్ళ లెక్కలో దాన్ని మరిచిపోకూడదు. కాచి చల్లార్చిన నీళ్ళైతే మరీ మంచిది. కరిగున్న గాలి చాలావరకు ముందే పోతుంది.

రెండోది నూనె. ముషలకం బిగుసుకుంటే మన ఇళ్ళలో చెయ్యి ముందు కొబ్బరినూనె సీసా మీదికే పోతుంది. నూనె తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, రెండ్రోజుల్లో అసలు కదలదు. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ ఒక్క చుక్క చాలు.

మూడోది, దాదాపు అందరూ చేసే పొరపాటు: సిరంజిని చెక్కకి కదలకుండా కట్టేయడం. చెయ్యి లేస్తున్నప్పుడు అది నెట్టే చోటు నిలువుగా పోదు, వంపు తిరుగుతుంది. సిరంజి కూడా దానితో పాటు వాలాలి. లేకపోతే ముషలకం వంగి, పక్కనుంచి నీళ్ళు కారతాయి. గట్టు మీద నిలబడి చూడమనండి. ప్రొక్లెయిన్ సిలిండర్‌కి ఆ చివరా ఈ చివరా పిన్నులుంటాయి. మన సిరంజికీ అంతే. ముషలకం బొడిపెకి కాల్చిన దబ్బనంతో బెజ్జం పెట్టి చువ్వ దూర్చాలి. ఈ ఒక్క పనీ పెద్దవాళ్ళది. రెండో చివర ట్యాగుతో ఒక చువ్వకి వదులుగా కట్టాలి. గొట్టం ఊడిపోకుండా మొనల మీద మాత్రం ట్యాగు బిగించి వెయ్యాలి.

నాలుగోది లాగడం. తోయడానికి వేలి బలమే హద్దు. లాగడానికి మాత్రం వాతావరణమే హద్దు గీసింది. 20 సీసీ ముషలకాన్ని వాతావరణం తోయగలిగేది 3 కిలోల చిల్లర, అంతకు ముందే రబ్బరు పక్కనుంచి గాలి చొరబడుతుంది. కాబట్టి బకెట్‌ని వెనక్కి లాగే పని ఒక రబ్బరు బ్యాండుకి అప్పగించాలి. ప్రొక్లెయిన్ సిలిండర్‌కి రెండు గొట్టాలు ఎందుకో ఇక్కడ తేలుతుంది. అది ఎప్పుడూ లాగదు, ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి తోస్తుంది. 20 టన్నుల యంత్రంలో నూనె పీడనం చదరపు సెంటీమీటరుకి 350 కిలోల దాకా ఉంటుంది, మన వేలి కింద ఉన్నదానికి దాదాపు 400 రెట్లు. లోపలి వ్యాసం 12 సెంటీమీటర్లున్న సిలిండర్ 40 టన్నులతో నెడుతుంది. ఎగువన పోలవరం స్పిల్‌వేలో 48 గేట్లని ఎత్తేవీ ఇలాంటి సిలిండర్లే.

ఆట అయ్యాక నీళ్ళు వంచేసి, ముషలకాలు బయటికి లాగి ఆరబెట్టాలి. నీళ్ళతో వదిలేస్తే వారంలో పాచి పడుతుంది, రబ్బరు గోడకి అంటుకుంటుంది.

మూడు గొట్టాలూ అలవాటయ్యాక, సెలైన్‌కి వాడే త్రీవే కొళాయి ఒకటి కొనివ్వండి. వేలితో తోసే సిరంజి ఒక్కదాన్నే దాని ద్వారా వెదురు చేతి సిరంజికీ బకెట్ సిరంజికీ కలిపి తోయమనండి. రెండూ సమానంగా కదులుతాయని అనుకుంటారు. అలా జరగదు. నీళ్ళు తేలికైన దారి చూసుకుంటాయి: ముందు బకెట్ పూర్తిగా మడుచుకుంటుంది, ఆ తర్వాతే చెయ్యి లేవడం మొదలవుతుంది. బకెట్‌లో తడి ఇసుక పోసి మళ్ళీ తోయమనండి. ఈసారి ఏది ముందు కదులుతుందో తోసే ముందే కాగితం మీద రాయమనండి.