నొప్పి లేకపోయినా కన్ను పచ్చిగానే ఉంటుంది

మిర్యాలగూడ, నకిరేకల్ వైపు నుంచి హైదరాబాద్ వెళ్లి అద్దాలు పోవడానికి కంటికి లేజర్ చేయించుకునే పడుచు పిల్లలు చాలామంది మరునాడే అద్దాలు లేకుండా బస్సు బోర్డు చదివేస్తారు. చూపు వచ్చింది, నొప్పి లేదు, ఇక పనైపోయిందనుకుంటారు. యాసంగి కోతలు నడుస్తుంటే కల్లం దగ్గరికీ పోతారు. నాకు టెన్షన్ అంతా ఆ ‘నొప్పి లేదు’ అన్న మాటతోనే.

లేజర్ కొట్టేది నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర కార్నియా మీద. దాని మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు ఉండవు. ఉంటే వెలుగు సాఫీగా లోపలికి పోదు. ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచి, కన్నీటి ద్వారా అందుతుంది. చర్మం మీద గాయానికి మచ్చ పడినా మనకు నష్టం లేదు, ఇక్కడ మచ్చ పడితే చూపే మసకబారుతుంది.

పైపొర మాత్రం చాలా చురుకైనది. నలుపు, తెలుపు కలిసే అంచున మూలకణాలుంటాయి. అక్కడ పుట్టిన కొత్త కణాలు మధ్యకు పాకుతూ వస్తాయి. పీఆర్‌కే అనే లేజర్ పద్ధతిలో ఈ పొరను తీసేసి లేజర్ కొడతారు, సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల్లో అది మళ్లీ కమ్ముకుంటుంది. ఆ అంచుకు ఎంత సత్తా ఉందంటే, సున్నం పడి ఒక కన్ను కాలిపోయినవాళ్లకు రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి అతికించి, పైపొరను తిరిగి పెంచే పద్ధతిని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులు 2012లో ప్రచురించారు.

లాసిక్ అనే ఇంకో లేజర్ పద్ధతి కథ వేరు. కార్నియా పైభాగాన్ని పుస్తకం అట్టలా ఒకవైపు అంటుకుని ఉండేలా కోసి పక్కకు తిప్పి, కింద లేజర్ కొట్టి, మళ్లీ మూస్తారు. అలా కోసిన పొరను ఫ్లాప్ అంటారు. దాని చుట్టూ అంచు త్వరగానే మూసుకుంటుంది. లోపల కార్నియాకు బలమిచ్చే కొల్లాజెన్ పోగులు మాత్రం పూర్వంలా గట్టిగా కలుసుకోవు. కొన్నేళ్ల తర్వాత కూడా అవసరమైతే సర్జన్ దాన్ని లేపగలరు. కన్ను నలపొద్దని అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

ఫ్లాప్ కోసేటప్పుడు సన్నని నరాలు కూడా తెగుతాయి. అవి తిరిగి పెరగడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. రెప్ప కొట్టుకోవడం, నీళ్లు ఊరడం నడిపించేవి ఈ నరాలే. అందుకే కన్ను పొడిబారుతుంది. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది: మామూలప్పుడు ప్రాణం తోడేసే వడ్ల నూగు, ఊక నలుసు కంట్లో పడినా అంతగా తెలియదు.

వరి ఆకు గీసుకుంటే కంట్లో ఫంగస్ చేరడం మన రైతులకు కొత్త కాదు. ఆపరేషన్ తర్వాత వాడే స్టెరాయిడ్ చుక్కలు వాపును తగ్గిస్తాయి, కానీ ఫంగస్ ఉంటే దానికి బలమిస్తాయి. కన్ను ఎర్రబడిందని అవే చుక్కలు మెడికల్ షాపులో మళ్లీ కొని వేసుకోవద్దు, పసరు పోయించుకోవద్దు.

ఎరుపు, మసక, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, వీటిలో ఏది కనిపించినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, లేజర్ ఎప్పుడు చేయించుకున్నారో ముందే చెప్పండి. ఫ్లాప్ కింద చేరిన క్రిములకు పైన వేసే చుక్కలు సరిగా అందవు. ఒక్కోసారి దాన్ని లేపి లోపల కడగాల్సి వస్తుంది.