మాత్ర మింగితే విశ్వాసం తగ్గదు: దేవుని కాపుదల గురించి అపోహలు, వాస్తవాలు

చెన్నైలో తెలుగు సంఘానికి కాపరిగా ఉండడమంటే ఆదివారం ప్రసంగం ఒక్కటే కాదు. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట వైపు ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఎక్కేది చెన్నై రైలే. సెంట్రల్‌లో దిగితే ఎదురుగానే జనరల్ ఆస్పత్రి. తమిళం రాదు, చేతిలో ఊళ్ళో పాస్టరు గారు రాసిచ్చిన మా ఫోన్ నంబరు ఉంటుంది. అలా పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళి ప్రార్థన చేయడం నా పనిలో సగం. ప్రార్థన అయ్యాక వార్డు బయటి దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, మందులు వాడితే దేవుణ్ణి నమ్మనట్టేనా?"

అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ చెవిలో ఈ మాట వేసి, తర్వాత ఫోన్ ఎత్తనివాళ్ళ మీద ఉంది.

అపోహ: నిజంగా దేవుని మీద ఆధారపడినవాడు మందులు మానేస్తాడు

మిగతా అపోహలు మనసును నలిపేస్తాయి. ఇది ప్రాణం తీస్తుంది. అందుకే ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

ఎలా జరుగుతుందో చెప్తాను. టీబీ అనుకుందాం. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకే జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి తేరుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఊళ్ళో స్వస్థత కూటం పెడతారు. "బాగైనవాళ్ళు ముందుకు రండి" అని పిలిచి చేతికి మైకిస్తారు. స్తోత్రాలు, చప్పట్లు. తెల్లారేసరికి ఆ వీడియో చుట్టాలందరి ఫోన్లలో ఉంటుంది. మందులు మానేయమని ఎవరూ నోరు తెరిచి చెప్పి ఉండకపోవచ్చు. కానీ "దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు" అని వందలమంది ముందు చెప్పినవాళ్ళు ఆ రాత్రి మాత్ర ఎలా మింగుతారు?

దగ్గు తిరగబెడుతుంది. ఇప్పుడు అసలు కష్టం జబ్బు కాదు, సాక్ష్యం. ఒక తల్లి నన్ను అడిగింది: "మళ్ళీ మాత్రలు మొదలుపెడితే నేను చెప్పింది అబద్ధమైపోదా అయ్యగారూ? దేవుడికి చెడ్డపేరు రాదా?" చూడండి, ఆమె తన ఊపిరితిత్తుల గురించి భయపడటం లేదు, దేవుని పరువు గురించి భయపడుతోంది. ఇలాంటి మనిషిని అల్పవిశ్వాసి అనడానికి నోరెలా వస్తుంది? "దేవుని పరువు నీ మాత్రల డబ్బాలో లేదమ్మా, ముందు డాక్టరు దగ్గరికి పద" అన్నాను. టీబీ మందులు సగంలో ఆపితే ఆ క్రిమి మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు వైద్యం ఇంకా కష్టమవుతుంది, ఇంట్లో పిల్లలకు అంటుకునేదీ అదే మొండి జబ్బు. ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్, డయాలసిస్ అయితే అంత వ్యవధి కూడా ఉండదు.

వాస్తవం: దేవుని కాపుదల ఎక్కువగా మనుషుల చేతుల మీదుగానే వస్తుంది

ఇది నా సొంత కవిత్వం కాదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరవండి. ఓడలో 276 మంది, బయట తుఫాను. ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత పౌలుకు చెప్పాడు. ఇంతకంటే గట్టి వాగ్దానం ఎక్కడుంది? అయినా ఓడవాళ్ళు పడవ దించుకుని జారుకోబోతుంటే, వీళ్ళు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరని పౌలే శతాధిపతిని హెచ్చరించాడు. పద్నాలుగు రోజులుగా తిండి మానిన జనాన్ని బతిమాలి తినిపించాడు. చివరికి ఈత వచ్చినవాళ్ళు ఈదారు, రానివాళ్ళు పలకలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. వాగ్దానం అక్షరాలా నెరవేరింది. పలక పట్టుకున్నవాణ్ణి చూసి "నీకు వాగ్దానం మీద నమ్మకం లేదా" అని పౌలు అడగలేదు.

జబ్బుపడిన యూదా రాజు హిజ్కియాకు ఇంకో 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. ఆ మాట మోసుకొచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. పౌలు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం తీసుకోమని రాశాడు. తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వెళ్ళాల్సి వచ్చింది. పౌలుకు విశ్వాసం చాలలేదా మరి? "దూకు, దూతలు ఎత్తి పట్టుకుంటారు" అని 91వ కీర్తన ఎత్తి చెప్పింది ఎవరో కూడా గుర్తు చేసుకోండి. దేవాలయ శిఖరం మీద ఆ వాక్యం వినిపించింది సాతాను. యేసు దూకలేదు.

యూరప్‌లోని పాత ప్రొటెస్టంట్ సంఘాలూ ఇదే నేర్పాయి. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలో 27వ ప్రశ్న దీని గురించే. వానా కరువూ, ఆరోగ్యం జబ్బూ, కలిమీ లేమీ ఏవీ గాలివాటంగా రావు, తండ్రి చేతి నుంచే వస్తాయి అంటుంది. ఆ తర్వాతి శతాబ్దంలో వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం ఇంకో మాట చేర్చింది: దేవుడు మామూలుగా సాధనాలను వాడుకుంటాడు, అవి లేకుండా కూడా పని చేయగల స్వేచ్ఛ ఆయనకుంది. ఆ రెండో మాట నేనూ నమ్ముతాను. అద్భుతాలు జరగవని నేననడం లేదు. అద్భుతం జరిగితే డాక్టరు పరీక్షకు భయపడాల్సిన పనేముంది? కుష్ఠరోగిని బాగుచేశాక వెళ్ళి యాజకునికి చూపించుకోమన్నది యేసే.

మన తెలుగు క్రైస్తవులకైతే ఈ సంగతి మరీ దగ్గరిది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోతుంటే, అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ప్రార్థనతో ఆగలేదు. సర్వే పని తెలిసినవాడు కనుక బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో ఈ అంకె అందరూ చెప్తారు. దానికి ముందున్న పార, తట్ట ఎవరూ చెప్పరు. మా ముత్తాతల్లో ఒకాయన ఆ కాలువ తవ్వాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా నాయనమ్మ అన్నానికి ముందు ప్రార్థనలో ఆ కూలి డబ్బుల గురించి కూడా స్తోత్రం చెప్పేది, చిన్నప్పుడు మాకు నవ్వొచ్చేది. అడయారు నదికీ కూవానికీ మధ్య కాలువ ముక్క కూడా ఆ కరువు పనిలో తవ్విందే. ఇప్పుడు దాని వాసనకు ముక్కు మూసుకుని పోతాం, అది వేరే సంగతి.

మిగతావి, త్వరగా

"కష్టం వచ్చిందంటే ఎక్కడో పాపం ఉంది." యోబు స్నేహితులు ఇదే వాదించారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ళ మీద. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్ళకంటే పాపులు కారని యేసు తేల్చేశాడు. సిగరెట్టుకూ ఊపిరితిత్తులకూ సంబంధం ఉంటుంది, కాదనను. కానీ క్యాన్సర్ వార్డులో మంచం పక్కన నిలబడి రోగి గతాన్ని తవ్వే హక్కు ఎవరికీ లేదు. పరామర్శకు వెళ్ళేవాళ్ళు పళ్ళు తీసుకెళ్ళండి, తీర్పులు వద్దు.

"విశ్వాసి ఏడవకూడదు." లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అదీ బైబిల్లోనే ఉంది.

"సమస్తమూ మేలుకే కాబట్టి జరిగింది మంచిదే." రోమా 8:28 అలా చెప్పదు. బిడ్డ చనిపోవడం మంచిది కాదు. అన్నలు తనకు చేసింది కీడేనని యోసేపు వాళ్ళ మొహం మీదే అన్నాడు. ఆ కీడును దేవుడు మేలుకు తిప్పాడన్నది రెండో సంగతి. చావింట్లో మొదటి రోజే ఈ వాక్యం ఎత్తకండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పే రోజు వస్తే వినండి, రాకపోయినా పక్కనే కూర్చోండి.

"జనవరి ఒకటిన సంఘంలో చేతికొచ్చిన వాగ్దాన వాక్యం కార్డు ఈ ఏడాదికి గ్యారంటీ." మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 అందరికీ ఇష్టమే. దాని పై వచనంలో బబులోను చెర డెబ్బై ఏళ్ళని ఉంది, ఇంకాస్త పైన ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి అని ఉంది. ఉద్యోగం పోయి ఈఎంఐ కట్టలేని తమ్ముళ్ళూ, బ్యాంకు ఫోన్ ఎత్తకుండా ఉపవాసం ఉంటే వడ్డీ ఆగదు. ఉపవాసం ఉండండి, ఫోనూ ఎత్తండి. కానుకగా వేసినదానికి నూరంతలు తిరిగొస్తుందని అప్పు చేయించేవాళ్ళ గురించి రాస్తే నా బీపీ పెరుగుతుంది, వదిలేస్తున్నా.

"వేలూరు వెళ్ళడం కూడా అవిశ్వాసమేనా?" అని ఒకరు అడిగారు. అక్కడి క్రైస్తవ ఆస్పత్రి సీఎంసీని 1900లో మొదలుపెట్టిన ఐడా స్కడర్ మిషనరీ కుటుంబంలో పుట్టినావిడే.

ఇక పనికొచ్చే మాటలు. యాకోబు పత్రికలో చెప్పినట్టు పెద్దల్ని పిలిచి నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోండి, మాత్రా వేసుకోండి. మా సంఘంలో "మందులు ఆపేశాను" అన్న సాక్ష్యానికి మైకు ఇవ్వం. డాక్టరు ఆపమన్నాక రండి, అప్పుడు అందరం కలిసి స్తోత్రం చెప్తాం. ఇప్పటికే సగంలో మానేసినవాళ్ళు సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. టీబీ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. నెల్లూరులో మొదలుపెట్టి చెన్నైకి మారినా, ఆ చికిత్సను ఇక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. పాత చీటీ, ఆధార్ పట్టుకుని దగ్గరున్న కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ఎన్నాళ్ళు మానేశారో దాచకుండా చెప్పండి, దాన్నిబట్టే వాళ్ళు ఏ మందివ్వాలో తేలుస్తారు. తమిళం రాదని ఆగితే పిలవండి, తోడు వస్తాను.